పెరట్లోకి పాటల పిట్టలు రావాలంటే: గింజలా, నీళ్లా, చెట్టా, గూడా?

ఒంగోలు నుంచి మా వదిన ఫోన్ చేసింది. వేసవి సెలవులకు మనవరాలు వస్తోందట. ఆ పిల్లకు పిట్టలంటే ప్రాణం. "ఆన్‌లైన్లో చూస్తే గింజలు పోసే డబ్బాలున్నాయి, చెక్క గూళ్లున్నాయి, తేనెపిట్టలకని చక్కెర నీళ్ల సీసాలు కూడా ఉన్నాయి. నువ్వు ఏది కొనమంటావు?" అని అడిగింది.

"ఇప్పుడే ఏదీ కొనొద్దు వదినా. ముందు ఒక మట్టి మూకుడు తెచ్చి నీళ్లు పెట్టు," అన్నాను.

"అంతేనా?" అంది. గొంతులో నిరాశ తెలుస్తూనే ఉంది.

నెల్లూరులో మా ఇంటి పెరడు పెద్దదేమీ కాదు. వెనక మూడు సెంట్ల జాగా, పైన డాబా. అందులోనే పదేళ్లకు పైగా గింజలు పోసి చూశాను, గూళ్లు కట్టి చూశాను, మొక్కలు నాటాను, నీళ్లు పెట్టాను. కొన్ని తప్పులు చేశాను, వాటికి పిట్టలు ప్రాణాలిచ్చాయి. వదినకు ఫోన్లో చెప్పలేనిది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండలకు, మన ఇళ్లకు సరిపడేలా చెబుతాను.

ఏ పిట్ట ఏం తింటుంది?

ఎంపిక మొదలయ్యేది ఇక్కడే. పిట్టలంటే గింజలు వేయాలని మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. కానీ ఇళ్ల దగ్గర తిరిగే చిన్న పిట్టల్లో గింజలు తినేవి కొన్నే. పిచ్చుక, జీనువాయి (మునియా అంటారే, అదే), గువ్వ, ఎప్పుడైనా చేల వైపు నుంచి వచ్చే గిజిగాడు. ఇంచుమించు అంతే.

పాట బాగా పాడేవి వేరే. తెల్లారకముందే కరెంటు తీగ మీద కూర్చుని ఈల వేసే పెద్ద నల్లంచి (మ్యాగ్‌పై రాబిన్) పురుగులు తిని బతుకుతుంది. ఆకులు కుట్టి గూడు కట్టే లిక్కుజిట్ట, అదే మనం దర్జీ పిట్ట అంటాం, అదీ పురుగులే తింటుంది. తేనెపిట్టకు పూలలో తేనె కావాలి, సాలీళ్లు కావాలి. తోక కింద ఎర్ర మచ్చ, నెత్తిన నల్ల కుచ్చు ఉండే పిగిలిపిట్టకు పండ్లు ఇష్టం. పది కిలోల సజ్జలు పోసినా వీటిలో ఒక్కటీ వాటివైపు తిరిగి చూడదు. గింజల డబ్బా కొని "మా ఇంటికి పావురాలు తప్ప ఏమీ రావట్లేదు" అని బాధపడేవాళ్లను చాలామందిని చూశాను. లోపం వాళ్ల పెరట్లో లేదు, పెట్టిన తిండిలో ఉంది.

పేర్ల గురించి ఒక మాట. 1840లలో నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డాన్ అనే ఆయన, తర్వాత మన దేశపు పక్షుల మీద పెద్ద పుస్తకాలు రాశాడు. పిగిలిపిట్ట (బుల్‌బుల్), జీనువాయి, లిక్కుజిట్ట, నల్లంచి (పెద్ద నల్లంచి కన్నా చిన్నది, ఇండియన్ రాబిన్) లాంటి తెలుగు పేర్లను వాటిలో అచ్చు వేయించాడు. ఇప్పుడు మన పిల్లలకు బుల్‌బుల్, రాబిన్ అంటేనే తెలుస్తోంది. పిట్టను చూపించినప్పుడు పేరు కూడా తెలుగులో చెప్పండి. రెండు పేర్లూ తెలిస్తే నష్టం లేదు కదా.

నీళ్లు: నా మొదటి ఓటు దీనికే

గింజలు తినే పిట్టకీ నీళ్లు కావాలి, పురుగులు తినే పిట్టకీ కావాలి. అందుకే ఒక్క నీళ్ల మూకుడు పెడితే అన్ని రకాలూ వస్తాయి. మిగతా ఏ పద్ధతికీ ఈ గుణం లేదు. పైగా మన దగ్గర ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. పిట్టలకు చెమట పట్టదు. నోరు తెరిచి ఎగరోజుతూ ఒంట్లో వేడి పోగొట్టుకుంటాయి, ఆ ఊపిరితోపాటే ఒంట్లో నీరూ పోతుంది. మధ్యాహ్నం రెండింటికి వేపచెట్టు కొమ్మ మీద ముక్కు తెరిచి కూర్చున్న పిగిలిపిట్టను చూస్తే తెలుస్తుంది, దానికి ఆ నిమిషంలో కావాల్సింది గింజ కాదు.

ఏ పాత్ర పెట్టాలన్నది ముఖ్యం. స్టీలు గిన్నె ఎండకు కాలిపోతుంది, గోళ్లకు పట్టు దొరకదు. లోతైన ప్లాస్టిక్ టబ్బు అసలు వద్దు. మొదటి వేసవిలో నేను చేసిన తప్పు అదే. బట్టలు నానబెట్టే పాత టబ్బు నిండా నీళ్లు పోసి, ఎక్కువ నీళ్లుంటే మంచిదే కదా అనుకున్నాను. మూడో రోజు పొద్దున చూస్తే అందులో ఒక పిచ్చుక పిల్ల తేలుతోంది. అప్పుడప్పుడే ఎగరడం నేర్చుకుంటున్నది, ముక్కు పక్కన పసుపు అంచు ఇంకా పోలేదు. ఆ టబ్బు మళ్లీ పిట్టలకు పెట్టలేదు.

మట్టి మూకుడు మంచిది. అడుగు వెడల్పు, లోతు రెండంగుళాలకు మించకూడదు. అందులో నీళ్లు అంగుళం, మహా అయితే అంగుళంన్నర పోయాలి. మధ్యలో అరచేతి పాటి గరుకు రాయి ఒకటి పెట్టండి. చిన్న పిట్టలు ముందు రాయి మీద వాలి, అక్కడి నుంచి నీళ్లలోకి దిగుతాయి. మట్టిది కాబట్టి నీరు కొంచెం ఊరుతూ చల్లగా ఉంటుంది. కుమ్మరి వీధిలో దొరుకుతుంది, కుండీల కింద పెట్టే మట్టి పళ్లెమైనా పనికొస్తుంది. సిమెంటు తొట్టి కూడా బాగానే ఉంటుంది, కాకపోతే పాచి త్వరగా పడుతుంది, ఎత్తి పారబోయడం కష్టం.

రోజూ పొద్దున పాత నీళ్లు మొక్కలకు పోసి, కొబ్బరి పీచుతో మూకుడు రుద్ది, కొత్త నీళ్లు నింపాలి. సబ్బు వాడొద్దు. దోమలు పెరుగుతాయని ఇంట్లో పెద్దవాళ్లు భయపడతారు. గుడ్డు దోమగా మారడానికి వారం దాకా పడుతుంది కాబట్టి రోజూ మార్చే నీళ్లలో ఆ బెడద ఉండదు. ఊరికెళ్లేటప్పుడు మాత్రం మూకుడు బోర్లించి వెళ్లండి.

ఎక్కడ పెట్టాలన్నదానికి ఒకటే కొలత: పిల్లి. పొద పక్కనే పెడితే పిల్లి అందులో నక్కి దూకుతుంది. మరీ ఆరుబయట పెడితే డేగకు దొరుకుతామని పిట్ట దిగదు. పొదకు ఐదారడుగుల దూరంలో, చెట్టు నీడలో పెడితే సరిపోతుంది. నేల మీద పెడితే నల్లంచి, గువ్వ, ఏడెనిమిది కలిసి గోలగా తిరిగే బూడిద రంగు పిట్టల గుంపు దిగుతాయి. మూడు తాళ్లతో ఉట్టిలా వేలాడదీస్తే పిగిలిపిట్ట, తేనెపిట్ట ఎక్కువ వస్తాయి. మీ వీధిలో పిల్లులుంటే రెండో ఆలోచన లేదు, వేలాడదీయడమే.

పెద్ద నల్లంచి స్నానం ఒక్కసారి దగ్గరగా చూడండి. ముందు గోడ మీద వాలుతుంది. తోక ఒకసారి నిక్కించి దించుతుంది. మూకుడు అంచుకు వస్తుంది, మళ్లీ గోడ మీదికి పోతుంది. అలా రెండు మూడు సార్లు. చివరికి రాయి మీద దిగి, పొట్ట నీళ్లకు ఆనించి, రెండు రెక్కలూ ఒక్కసారి ఝాడిస్తుంది. నీళ్లు అరగజం దూరం చిమ్ముతాయి. నలుపు తెలుపుల ఆ పిట్ట తడిసి సగమై, జామ కొమ్మ మీద కూర్చుని ఒక్కొక్క ఈకే ముక్కుతో దువ్వుకుంటుంది. మా ఇంట్లో దానికి వేళ సాయంత్రం ఐదున్నర. టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో కూర్చుంటాను, కదలను.

తేనెపిట్టకు మూకుడు స్నానం అంతగా నచ్చదు. తడిసిన ఆకుల మీద పొర్లడం దానికి అలవాటు. మొక్కలకు పైపుతో నీళ్లు పట్టేటప్పుడు మందారం ఆకుల మీద, అరటి ఆకు మీద సన్నగా చిమ్మండి. ఐదు నిమిషాల్లో వచ్చి ఆకు మీద జారుతూ, ఆ చుక్కల్లోనే ఒళ్లు రుద్దుకుంటుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

గింజలు: కంకుల కుచ్చు అయితే సరే

నేనూ మొదట డాబా మీద నూకలు చల్లాను. వారానికి పది పిచ్చుకలు వచ్చాయి. ఇల్లంతా సందడిగా అనిపించింది. నెల తిరిగేసరికి నలభై పావురాలు. అవి వచ్చాక పిచ్చుకలు ఇటు రావడం మానేశాయి. పక్కింటి అక్కయ్యకు ఆయాసం ఉంది. పావురాల రెట్ట ఎండి పొడై గాల్లో కలిస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు, కొందరికి అలర్జీతో ఊపిరితిత్తులే దెబ్బతింటాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, నాకే సిగ్గనిపించి ఆపేశాను. డాబా కడగడానికి రెండు పూటలు పట్టింది.

గింజలు పెట్టాలనుంటే మన పాత పద్ధతే మేలు. కోతలప్పుడు వరి కంకులు తెచ్చి కుచ్చుగా కట్టి వాకిట్లో చూరుకు వేలాడదీసేవాళ్లు. పెన్నా కింద మాగాణుల్లో మొదటి పంట కోతలు సంక్రాంతి దాటాకే ఊపందుకుంటాయి కాబట్టి మనకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో కంకులు సులువుగా దొరుకుతాయి. ఈ కుచ్చుకు ఉన్న గొప్పతనం ఏమిటంటే అది ఊగుతుంది. పిచ్చుక, జీనువాయి లాంటి తేలిక పిట్టలు కంకికి తలకిందులుగా వేలాడి కూడా గింజ ఒలుచుకుంటాయి. బరువైన పావురం దాని మీద నిలవలేదు. అమ్మే ప్లాస్టిక్ గింజల డబ్బాలకు అడుగున పళ్లెం ఉంటుంది, పావురం నింపాదిగా దాని మీద కూర్చుంటుంది. డబ్బాకూ కుచ్చుకూ మధ్య ఎంచుకోమంటే నేను ఆలోచించను.

ఒక హెచ్చరిక. విత్తనాల కోసం మందు కలిపిన వడ్లు పొరపాటున కూడా కట్టొద్దు, చల్లొద్దు. అవి పిట్టలకు విషం. తినడానికి దాచుకున్న ధాన్యమే వాడండి. కొర్రలు, సజ్జలు, నూకలు పనికొస్తాయి. ఉప్పు కారం ఉన్న మిక్చరు, బిస్కెట్లు, బ్రెడ్డు వద్దు. నేల మీద రాలినవి సాయంత్రానికి ఊడ్చేయాలి, లేకపోతే రాత్రికి ఎలుకలు దిగుతాయి, ఎలుకల వెనక పాములు.

పిచ్చుక పెద్దయ్యాక గింజలు తిన్నా, పిల్లలకు మాత్రం తొలి రోజుల్లో పురుగులే పెడుతుంది. పైన కుచ్చు కట్టి, కింద గులాబీ మొక్కలకు పురుగుల మందు కొడితే పిల్లలు ఆకలికి పోతాయి.

చెట్టు: ఆలస్యంగా అందినా నిలిచి ఉండేది

మూకుడు ఎండిపోతే పిట్ట వెళ్లిపోతుంది. చెట్టు ఉంటే అక్కడే కాపురం పెడుతుంది. రెండు మూడేళ్లు ఓపిక పట్టగలిగినవాళ్లకు ఇంతకు మించింది లేదు. ఏ చెట్టు అన్నది జాగాను బట్టి చూసుకోవాలి.

కుండీలు మాత్రమే ఉన్నవాళ్లు ఎర్ర మందారం పెట్టండి, రెక్క మందారం. ముద్ద మందారం చూపుకు బాగుంటుంది కానీ ఆ రెక్కల గుట్టలో తేనె అందదు. తేనెపిట్ట మందారం మీద ఎలా తింటుందో గమనించారా? పువ్వు ముందు నుంచి రాదు. తొడిమ దగ్గర, పువ్వు మొదట్లో, సూదిలాంటి ముక్కుతో చిన్న కన్నం చేసి పక్క నుంచి తేనె తాగేస్తుంది. వాడిన పువ్వు తెంపి మొదలు చూడండి, ఆ గాటు కనిపిస్తుంది. నూరువరహాలు కూడా కుండీలో బాగా పెరుగుతుంది, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. మందారమా నూరువరహాలా అంటే, పిట్టల కోసం నాకు మందారమే. పూజకూ పనికొస్తుంది, మూడు నాలుగు పూలు వదిలి మిగతావి కోసుకోండి.

చిన్న పెరడున్నవాళ్లకు కరివేపాకు చెట్టు. ఆకు కోసమని కొమ్మలన్నీ కత్తిరించకుండా ఒక వైపు వదిలేస్తే కాయలు కాసి నల్లగా పండుతాయి. పిగిలిపిట్టలు, కోయిలలు వాటికోసం కొట్టుకుంటాయి. మునగ పూతకు తేనెపిట్టలు వస్తాయి. మునగంటే కంబళిపురుగులని భయం ఉంది, గోడకు దూరంగా వేసుకోండి. దానిమ్మ పువ్వు తేనెపిట్టకు, పొద పిట్టలు దాక్కోవడానికి. హామీలియా అని నర్సరీల్లో దొరుకుతుంది, సన్నటి ఎర్ర గొట్టాల్లాంటి పూలు, తర్వాత చిన్న నల్ల పండ్లు. ఒకే మొక్క తేనెపిట్టనూ పిగిలిపిట్టనూ పిలుస్తుంది.

జాగా ఉంటే సింగపూర్ చెర్రీ. త్వరగా ఎదుగుతుంది, రెండేళ్లలోపే నీడనిస్తుంది, ఎర్రటి చిట్టి పండ్లు ఏడాదంతా. మన దగ్గర కనిపించే అతి చిన్న పిట్టల్లో ఒకటి, బొటనవేలంత బూడిద రంగు పిట్ట, ఈ చెట్టుకు తప్పకుండా వస్తుంది. పొడవు మూడంగుళాలకు కొంచెం ఎక్కువ. ఇంగ్లిషువాళ్లు ఫ్లవర్‌పెక్కర్ అంటారు. కనిపించే లోపే "చిక్ చిక్ చిక్" అని వినిపిస్తుంది. మామిడి చెట్టు మీద పెరిగే బదనిక పండ్లన్నా దానికి ప్రాణం. జిగురు గింజను కొమ్మకు రుద్ది అంటించి పోతుంది, అలా బదనిక ఇంకో చెట్టుకు పాకుతుంది. తోట యజమానులకు బదనిక శత్రువు, తీసేయక తప్పదు. ఇంట్లో ఒక్క మామిడి చెట్టే ఉన్నవాళ్లు ఒక చిన్న గుబురు వదిలేస్తే చెట్టుకు పెద్ద నష్టమేమీ లేదు. సింగపూర్ చెర్రీతో ఇబ్బంది కూడా చెప్పాలి: కింద పండ్లు రాలి వాకిలి జిగురవుతుంది, రాత్రి గబ్బిలాలు వస్తాయి, పెనుగాలికి కొమ్మలు విరుగుతాయి. నవంబరు తుఫాన్ల సంగతి మనకు తెలుసు కదా, ఇంటి గోడకు ఆనించి వేయొద్దు.

గోడ వెంట పచ్చగా త్వరగా పెరుగుతుందని అందరూ కోనోకార్పస్ వేస్తున్నారు. మా పక్క వీధిలో వంద అడుగుల వరస ఉంది. తేనె తాగడానికో పండు తినడానికో ఒక పిట్ట అందులోకి వెళ్లగా నేను చూడలేదు. దాని బదులు గోరింట వేయండి.

నాటే కాలం: బయటి ప్రాంతాల వాళ్లు జూన్‌లో నాటమంటారు. మన జిల్లాల్లో అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. అక్టోబరు తొలివానకు నాటితే మొక్క వేసవికల్లా వేరు పట్టుకుంటుంది. జూన్‌లో నాటితే నాలుగు నెలలు మీరే నీళ్లు మోయాలి.

చెట్టు పెట్టినవాళ్లు ఎప్పుడో ఒకరోజు చూసేది ఇది. మా పెరట్లో తనంతట తానే మొలిచిన బాదం మొక్క ఒకటి, నడుము ఎత్తు. ఒక ఆకు రెండంచులూ దగ్గరికి వచ్చి సంచిలా ముడుచుకుని ఉంది. తెగులేమో అని వంగి చూశాను. ఆకు అంచు వెంట సూది గుచ్చినట్టు కన్నాలు. ప్రతి కన్నంలోంచి దూది పోగు ఇటు నుంచి అటు వెళ్లి, బయట చివర చిన్న ఉండలా విచ్చుకుని ఉంది. ఆ ఉండ వల్లే పోగు వెనక్కి జారదు, ముడి అక్కర్లేదు. సంచి లోపల దూది, మెత్తటి నార, వాటి మీద మూడు గుడ్లు. పది గ్రాములైనా తూగని లిక్కుజిట్ట, దారం లేకుండా, చేతులు లేకుండా కుట్టిన పని అది. ఆ మొక్క పనికిరానిదని వారం ముందు పీకేయబోయాను. ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

గూళ్ల పెట్టెలు: వీధిలో పిచ్చుకలుంటేనే

పెట్టెలో గూడు పెట్టేవి రంధ్రాల్లో కాపురం చేసే పిట్టలే: పిచ్చుక, గోరింక, ఒక్కోసారి పెద్ద నల్లంచి. లిక్కుజిట్ట, తేనెపిట్ట, పిగిలిపిట్ట పెట్టె వైపు రావు. ముందు పొద్దున పూట వీధిలో చెవి పెట్టి వినండి. పిచ్చుకల కిచకిచలు ఉన్నాయా? ఉంటే పెట్టె కట్టండి. పెంకుటిళ్లు పోయి స్లాబు ఇళ్లు వచ్చాక చూరులో సందులు పోయాయి, మీ పెట్టె ఆ లోటు తీరుస్తుంది. అసలు పిచ్చుకే లేని వీధిలో పెట్టె కట్టినంత మాత్రాన రాదు.

నేను ఆన్‌లైన్లో కొన్న మొదటి పెట్టెకు రేకు కప్పు ఉంది. చూడటానికి బొమ్మరిల్లులా ఉందని పడమటి గోడకు కొట్టాను. పిచ్చుకలు నాలుగు రోజుల్లో దూరాయి. మే నెలలో పిల్లల అరుపులు ఒక సాయంత్రం ఆగిపోయాయి. తెరిచి చూస్తే రెండు పిల్లలూ చనిపోయి ఉన్నాయి. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలింది. అందుకే గట్టిగా చెబుతున్నాను: రేకు వద్దు, పలచటి ప్లాస్టిక్ వద్దు. మందపాటి చెక్కగానీ, మట్టి ముంతగానీ తీసుకోండి. ఉత్తరం లేదా తూర్పు గోడకు, సన్‌షేడ్ కింద, ఎనిమిది నుంచి పదడుగుల ఎత్తులో కట్టండి. కన్నం అంగుళంపావు చాలు, పిచ్చుక హాయిగా దూరుతుంది. రెండంగుళాలు పెడితే గోరింక ఆక్రమిస్తుంది. ముందు కూర్చోవడానికని పుల్ల బిగిస్తారు. పిచ్చుకకు అది అవసరం లేదు, కాకికి పనికొస్తుంది. తీసేయండి. వరండా లోపలైతే చెప్పుల అట్టపెట్టెకు కన్నం చేసి కట్టినా చాలు.

చెక్కా ముంతా రెండిట్లో నేను ముంత వైపే. చల్లగా ఉంటుంది. ఒక్క షరతు, కింద రెండు సన్న రంధ్రాలు వేయించాలి, లేకపోతే వాన జల్లు లోపల నిలుస్తుంది.

తేనెపిట్ట మాత్రం తన గూడు తానే, మీ బట్టల తీగకో వరండాలో వైరుకో వేలాడదీస్తుంది. సాలెగూడు పోగులు, ఎండుటాకు ముక్కలు కలిపిన పొడవాటి సంచి, చెత్త వేలాడుతున్నట్టు ఉంటుంది. అది కట్టడం మొదలైనప్పటి నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా నెలన్నర అనుకోండి. ఆ నెలన్నర బట్టలు వేరే తీగ మీద ఆరేసుకుందాం. ఇల్లు దులిపేటప్పుడు పెరటి వైపు సాలెగూళ్లు కొన్ని వదిలేయండి, దానికి సిమెంటూ అవే, పిల్లలకు పెట్టే తిండీ అక్కడే.

వద్దనేవి రెండు

చక్కెర నీళ్ల సీసా వద్దు. మన ఎండకు ఒక్క పూటలో పులుస్తుంది, చీమలు పడతాయి, సీసా రోజూ వేడినీళ్లతో కడిగే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఒక మందార మొక్క ఆ పని తానే చేస్తుంది. తేనె కలిపిన నీళ్లు ఇంకా చెడ్డవి.

పంజరం గురించి ఒక్క మాటే. రోడ్డు పక్కన జీనువాయిలకు రంగులు పూసి అమ్ముతుంటే పిల్లలు అడుగుతారు. మన దేశపు పిట్టల్ని పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. జాలిపడి కొని వదిలేసినా, రేపు ఇంకో పది పట్టుకొస్తారు. కొనకండి.

చూడటానికి, వినడానికి

బైనాక్యులర్స్ కొనాలనుకుంటే అంకెలు చూడండి. 8×42 అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు కటకం 42 మిల్లీమీటర్లు. 10×50 ఎక్కువ రెట్లు కదా అని దానికి ఆశపడతారు. అది బరువు, చెయ్యి కొంచెం వణికినా బొమ్మ ఊగుతుంది, ఆకుల్లో కదిలే చిన్న పిట్టను పట్టుకోవడం కష్టం. చెరువు గట్టు మీద కొంగల్ని, బాతుల్ని చూసేవాళ్లకు అది సరే. పెరటికి 8×32 గానీ 8×42 గానీ చాలు. కొనేముందు ఎంత దగ్గరి వస్తువును స్పష్టంగా చూపిస్తుందో అడగండి. రెండు మీటర్ల దగ్గర కూడా చూపిస్తే మంచిది, ఎందుకంటే మన పిట్ట కూర్చునేది కిటికీ పక్క మందారం మీదే. పిల్లలకు తేలికైన 8×32 ఇవ్వండి, మెడలో తాడు తప్పనిసరి.

బైనాక్యులర్స్ కంటే ముందు ఫోన్లో మెర్లిన్ యాప్ వేసుకోండి. ఉచితం. ఇండియా పక్షుల ప్యాక్ ఒకసారి దించుకుంటే, పిట్ట కూస్తుండగా ఫోన్ ఎత్తి పట్టుకుంటే పేరు చెబుతుంది. అప్పుడప్పుడు పొరబడుతుంది, అందుకని అది చెప్పిన పిట్టను కళ్లతో చూశాకే నమ్మండి. అందులోని కూతల్ని గట్టిగా మోగించి పిట్టల్ని రప్పించే ఆట మాత్రం ఆడనివ్వకండి. తన జాగాలోకి వేరే పిట్ట వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తుంది, గుడ్లు చల్లబడిపోతాయి.

చలికాలం వేరే చుట్టాలు కూడా వస్తారు. సెప్టెంబరు దాటాక పొదల్లోంచి రాళ్లు తాటించినట్టు "చక్ చక్" అని వినిపిస్తే, అది వేల కిలోమీటర్ల ఉత్తరం నుంచి వచ్చిన బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. మట్టి రంగు చిన్న పిట్ట, ఏప్రిల్ దాకా ఇక్కడే. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా ఇళ్ల దగ్గర పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఒకటి జరుగుతుంది, మన దేశంలో 2013 నుంచి. పదిహేను నిమిషాలు కూర్చుని లెక్కపెట్టి పంపితే చాలు. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది.

వేసవిలో నల్లగా మెరిసే మగ ఊదా తేనెపిట్ట, గూళ్ల కాలం అయిపోయాక రంగు మార్చుకుంటుంది. ఆడపిట్టలా పైన మట్టి రంగు, కింద పసుపు, గొంతు నుంచి పొట్ట దాకా మధ్యలో ఒక్క నల్ల చార మాత్రం మిగులుతుంది. దాన్ని కొత్త పిట్ట అనుకుని రెండేళ్లు తికమకపడ్డాను. మీరు పడొద్దు.

మీ ఇంటికి ఏది?

ఫ్లాటు బాల్కనీ అయితే వేలాడే మూకుడు ఒకటి, ఎర్ర మందారం ఒకటి, అంతే. గింజలు వద్దు, పావురాలు పై అంతస్తుల దాకా వస్తాయి, కింది వాళ్లతో గొడవ. సొంత డాబా ఇల్లయితే రెండు మూకుళ్లు, ఒకటి నేల మీద, ఒకటి పైన ట్యాంకు నీడలో. ఫిబ్రవరిలో కంకుల కుచ్చు, వీధిలో పిచ్చుకలుంటే ముంత. పెరడుంటే ఈ అక్టోబరుకు కరివేపాకు, హామీలియా, దూరంగా సింగపూర్ చెర్రీ. డబ్బు చూసుకునేవాళ్లు మూకుడుతో మొదలుపెట్టి, మిగిలింది దాచుకుని బైనాక్యులర్స్ కొనుక్కోండి.

మా వదిన మూకుడు పెట్టింది. డాబా మీద, ట్యాంకు నీడలో. మొదటి వారం కాకులు, రెండో వారం గోరింకలు. "పాడే పిట్టలన్నావు, ఏవీ?" అని రోజూ ఫోన్. ఇంటి వెనక ఖాళీ ప్లాట్లు, రాళ్లూ తుప్పలూ ఉన్నాయి కాబట్టి ఓపిక పట్టమన్నాను. పందొమ్మిదో రోజు పొద్దున ఏడింటికి మళ్లీ ఫోన్. ఈసారి గుసగుసగా మాట్లాడుతోంది.

"నల్లగా ఉంది. మా ఇంటి పిచ్చుక కన్నా కొంచెం పెద్దది. తోక నిలబెట్టి నీళ్లు తాగుతోంది."

"రెక్క మీద తెల్ల మచ్చ ఉందా వదినా?"

"ఉండు... చిన్నది. ఉంది."

"తోక కింద చూడు. ఇటుక రంగు కనబడుతోందా?"

కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత సన్నగా ఒక ఈల, ఫోన్లోంచే.

"కనబడింది," అంది. "నల్లంచే కదూ? పాడుతోంది, విన్నావా?"